బండి బాగోగులు: నాన్న రేడియో బటన్లు చెరగకుండా బ్యాటరీ మార్చడం ఎలా?

ప్రశ్న: మాది 2009 మోడల్ హోండా సివిక్. 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నేనే నడుపుతాను. వారం రోజులుగా పొద్దున్నే సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతోంది. బ్యాటరీ వేసి నాలుగేళ్ళు దాటింది, మార్చాలని నాకూ తెలుసు. నా టెన్షన్ వేరే. మా నాన్నగారికి 76 ఏళ్ళు. గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయింది. నెలకోసారి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తాను. దారిలో ఆయన ముందు సీట్లో కూర్చుని రేడియో పెట్టుకుంటారు. ఒకటో బటన్ రెయిన్‌బో 101.9, రెండోది వివిధ భారతి 102.8, మూడోది 98.3. వేలితో తడిమి నొక్కుతారు, ఎవరినీ అడగరు. బ్యాటరీ తీస్తే ఇవన్నీ పోతాయంటున్నారు. పైగా ఈ స్టీరియో కోడ్ అడుగుతుందట. ఆ కార్డు మాకు కారు అమ్మినాయన ఇవ్వలేదు. మా వీధి మెకానిక్ "ఇంజిన్ ఆన్‌లో పెట్టి బ్యాటరీ మార్చేస్తా, ఏమీ పోదు" అంటున్నాడు. మా తమ్ముడు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే తొమ్మిది వోల్టుల ప్లగ్ తెప్పిస్తానంటున్నాడు. ఏది చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, ఆ రెండూ వద్దు. మొదటిదైతే అస్సలు వద్దు.

ముందు మీ మెకానిక్ మాట సంగతి చెబుతాను. ఆయన మిమ్మల్ని మోసం చెయ్యడం లేదు. ఈ పద్ధతి మా విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉండేది. నేను 31 ఏళ్ళ కిందట ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనికి చేరినప్పుడు మా మేస్త్రీ నాకు నేర్పిన మొదటి పనుల్లో ఇదొకటి. అంబాసిడర్, పద్మిని లాంటి కార్బురేటర్ బళ్ళలో కంప్యూటర్ లేదు, చెడడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "చూశావా, ఛార్జింగ్ బాగుంది" అనేవారు. బళ్ళు మారిపోయాయి, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సుమారు 14 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీ కరెంటు దాచుకునే డబ్బా మాత్రమే కాదు, ఆ ఆల్టర్నేటర్ పోటును తనలోకి తీసుకునే చెరువు కూడా. చెరువు గట్టు ఒక్కసారిగా తెగితే నీళ్ళన్నీ పొలాల మీద పడినట్టు, నడుస్తున్న ఇంజిన్ నుంచి బ్యాటరీ తీసేస్తే ఆ క్షణంలో వోల్టేజీ ఎన్నో రెట్లు ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మీద, ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటర్) మీద, మీరు కాపాడాలనుకుంటున్న ఆ స్టీరియో మీదే పడుతుంది. సెకనులో చిన్న వంతు చాలు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2004లో ఒక కొత్త తరం పెట్రోలు కారుకి నా చేతులతోనే అలా చేశాను. నెగటివ్ క్లాంప్ లాగగానే హెడ్‌లైట్లు ఒక్కసారి తెల్లగా వెలిగాయి, ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ కాలేదు. ఈసీయూ పోయింది. కొత్తది తెప్పించడానికి నా రెండు నెలల సంపాదన సరిపోలేదు. ఆ కారు ఒక పంతులుగారిది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, వారం రోజులు స్కూలుకి బస్సులో వెళ్ళారు. అప్పటి నుంచి ఎవరు చెప్పినా ఆ పని చెయ్యలేదు, నా దగ్గర పనిచేసే పిల్లల్ని చెయ్యనివ్వలేదు. మీ మెకానిక్‌కి కోపం లేకుండా ఈ సంగతి చెప్పండి.

ఇక తొమ్మిది వోల్టుల ప్లగ్. కారు బ్యాటరీ తీసినంతసేపు అందులోని చిన్న బ్యాటరీ సెట్టింగ్స్‌ని నిలబెడుతుందని ఆశ. మీ కారులో ఆ సాకెట్‌కి తాళం ఏసీసీ (ఇంజిన్ స్టార్ట్ కాకుండా రేడియో వగైరా పనిచేసే మెట్టు) దాకా తిప్పితేనే కరెంటు వస్తుంది. తాళం తిప్పితే స్టీరియో వగైరా కూడా మేలుకుంటాయి. రిమోట్ బొమ్మలో వేసుకునే ఆ చిన్న చదరపు బ్యాటరీ అంత బరువు మొయ్యలేదు, మధ్యలోనే చేతులెత్తేస్తుంది. తాళం లేకుండానే సాకెట్ పనిచేసే కొన్ని కార్లలో అది నిలబడొచ్చు. అక్కడ కూడా ఒక డోరు తెరిచి లోపలి లైటు వెలిగిందంటే అంతే.

అందుకని నేను చెప్పే వరస ఇది. ముందు కోడ్, తర్వాత బ్యాటరీ. కోడ్ చేతిలో ఉంటే మీకు ఏ భయమూ ఉండదు. సెట్టింగ్స్ పోయినా పది నిమిషాల్లో తిరిగి పెట్టేసుకోవచ్చు. కోడ్ లేకుండా మొదలుపెడితే మాత్రం మధ్యలో ఏ చిన్న వైరు కదిలినా నాన్నగారి రేడియో మూగబోతుంది.

ఆ కోడ్ అయిదంకెలది. డ్యాష్‌బోర్డ్ అరలో లోపలి గోడకి అంటించిన చిన్న స్టిక్కర్ మీద చూడండి. కొందరు పాత యజమానులు మాన్యువల్ ఆఖరి పేజీలో పెన్నుతో రాసుకుంటారు. అక్కడా లేకపోతే రేడియో ఆపి, 1, 6 బటన్లు కలిపి నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కండి. ఆ కాలం హోండా స్టీరియోలు చాలావాటిలో తెర మీద సీరియల్ నంబరు కనిపిస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ నంబరు, ఆర్సీ, ఛాసిస్ నంబరు, మీ గుర్తింపు కార్డు పట్టుకుని హోండా సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కోడ్ చెబుతారు. ఇదంతా పాత బ్యాటరీ ఇంకా పనిచేస్తున్నప్పుడే చెయ్యండి. పూర్తిగా పడుకున్నాక సీరియల్ నంబరు కోసం స్టీరియో ఊడదీయించాల్సి రావచ్చు, డ్యాష్‌బోర్డ్ మీద గీతలు పడతాయి. ఒక ముఖ్యమైన మాట: కోడ్ అడిగినప్పుడు ఊహించి కొట్టకండి. పది తప్పులు చేస్తే మూసుకుపోతుంది. అప్పుడు రేడియోని ఆన్‌లోనే గంటసేపు వదిలేసి మళ్ళీ ప్రయత్నించాలి.

రెండో పని, బ్యాటరీదే తప్పా కాదా అని చూడటం. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే మీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12కి దగ్గరగా ఉంటే ఖాళీ అయినట్టే. ఇంజిన్ స్టార్ట్ చేశాక 13.8కీ 14.5కీ మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. అక్కడ తక్కువ చూపిస్తే మీరు కొత్త బ్యాటరీ వేసినా నెలలో మళ్ళీ ఇదే కథ. ఒక్కోసారి టెర్మినల్స్ మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పట్టి ఉంటుంది, బ్యాటరీకి ఏ దోషమూ ఉండదు. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి పోస్తే బుసబుసమని పొంగి పోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల సందుల్లోకి దిగనివ్వకండి. నాలుగేళ్ళు అంటున్నారు కాబట్టి మీది బ్యాటరీయే అయ్యుండొచ్చు. మన ఎండలకి మూడు నాలుగేళ్ళు వస్తే అది బాగా పనిచేసినట్టే.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న నంబరు అక్షరం అక్షరం చూసుకోండి. ఉదాహరణకి 38బి20ఎల్ అని రాసి ఉంటుంది, చివర ఉన్న ఎల్ లేదా ఆర్ పాజిటివ్ ఏ వైపు ఉందో చెప్పే గుర్తు. ఎల్ బదులు ఆర్ తెస్తే వైర్లు అందవు. లాగి అందించాలని చూసేవాళ్ళు పాజిటివ్‌ని నెగటివ్‌కి కలిపేస్తారు. ఆ ఒక్క తప్పుకి ఆల్టర్నేటర్ డయోడ్లు, పెద్ద ఫ్యూజులు నిమిషంలో పోతాయి.

ఇప్పుడు మార్చడం. మీరే మార్చుకున్నా, ఇంటికి వచ్చిన కుర్రాడితో మార్పించినా పక్కన నిలబడి చూడండి. చేతి గాజులు, ఉంగరం, వాచీ తీసేయించండి. మా షాపులో ఒక కుర్రాడి పెళ్ళి ఉంగరం స్పానర్‌కీ బాడీకీ మధ్య ఇరుక్కుంది. పాజిటివ్ నట్టు విప్పుతున్నాడు, నెగటివ్ అప్పటికి ఇంకా తియ్యలేదు. ఒక్క క్షణంలో ఉంగరం ఎర్రగా కాలింది. వేలు ఊడకుండా ఆసుపత్రివాళ్ళు కాపాడారు, ఆ మచ్చ ఈ రోజుకీ ఉంది. పన్నెండు వోల్టులే కదా అనుకుంటాం. వోల్టులు తక్కువే, షార్ట్ అయితే ప్రవహించే కరెంటు మాత్రం వందల ఆంపియర్లు.

అందుకే నెగటివ్ ముందు తీసి, చివర్లో పెట్టాలి. కారు బాడీ మొత్తం నెగటివ్‌కి ఎర్త్ అయి ఉంటుంది. నెగటివ్ ముందు తీసేస్తే తర్వాత పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ పక్కన బానెట్‌కి తగిలినా నిప్పు రాదు. పెట్టేటప్పుడు తిరగేసి, ముందు పాజిటివ్, ఆ తర్వాత నెగటివ్. పది నంబరు స్పానర్ ఒకటుంటే మీ బండిలో చాలావరకు పని అయిపోతుంది. బ్యాటరీ పక్కన సిగరెట్, అగరువత్తి ఏదీ వద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. పది కిలోల పైన బరువు ఉంటుంది కాబట్టి నడుం వంచి కాకుండా దగ్గరగా నిలబడి, వాలకుండా నిటారుగా ఎత్తాలి. లోపలున్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. కంటికి అద్దాలు పెట్టుకోమని చెప్పండి. మీ ఇంట్లో చూపు విలువ మీకు తెలుసు.

సెట్టింగ్స్ నిజంగా పోకుండా ఉంచాలంటే మంచి దారి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్, అంటే మెకానిక్‌లు బండిలో లోపాలు చదివే స్కానర్ తగిలించే చోటు. పదహారు పిన్నులు ఉంటాయి. అందులో పదహారో పిన్నుకి తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, నాలుగో పిన్ను ఎర్త్. మెమరీ సేవర్ అని ఒక వైరు దొరుకుతుంది. ఒక కొస ఈ సాకెట్‌కి, రెండో కొస ఇంకో మంచి పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తారు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది, మీరు కొనక్కర్లేదు. తాళం తీసేసి, డోర్లు మూసేస్తే బండి తాగే కరెంటు చాలా తక్కువ, మామూలుగా ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు ఉంటుంది. బానెట్ మాత్రం తెరిచి ఉంచి పని కానిస్తారు.

కానీ ఈ వైరు తగిలించినప్పుడు చాలామంది మరిచిపోయే ఒక ప్రమాదం ఉంది. అది ఉన్నంతసేపు బండిలో కరెంటు ఉన్నట్టే. పాత బ్యాటరీ నుంచి ఊడదీసిన పాజిటివ్ క్లాంప్ గాలిలో ఉన్నా అది బతికే ఉంటుంది. అది బాడీకి తగిలితే ఓబీడీ ఫ్యూజు కొట్టేస్తుంది, దాంతో మీరు కాపాడుతున్న రేడియో మెమరీ కూడా పోతుంది. సన్న వైరు వేడెక్కి కాలనూవచ్చు. కాబట్టి వైరుకి మధ్యలో చిన్న ఫ్యూజు ఉన్నదే వాడమనండి. పాజిటివ్ క్లాంప్ ఊడగానే పాత సైకిల్ ట్యూబ్ ముక్క తొడగమనండి. నా దగ్గర ఎప్పుడూ జానెడు ట్యూబ్ ముక్కలు నాలుగు ఉంటాయి, ఇంతకన్నా మంచి రక్షణ నేను చూడలేదు. ఇంకోటి, ఈ వైరు బ్యాటరీ మార్చడానికే. స్టీరింగ్ ఊడదీసే పనికో, ఎయిర్‌బ్యాగ్ పనికో ఎవరూ దీన్ని తగిలించకూడదు, అక్కడ కరెంటు పూర్తిగా పోవాలి.

మీ దగ్గర ఆ వైరు ఉన్న ఎలక్ట్రీషియన్ దొరక్కపోతే దిగులు పడకండి. నేనైతే అలాంటి ఇంట్లో వైరు కోసం వెతుకుతూ రోజులు గడపను. కోడ్ చేతిలో పెట్టుకుని, ఆరు బటన్ల స్టేషన్లు కాగితం మీద రాసుకుని, గడియారం టైం కూడా చూసుకుని మామూలుగానే మార్చేస్తాను. పావుగంట పని. తర్వాత రేడియో ఆన్ చేస్తే కోడ్ అడుగుతుంది, బటన్ల మీద అంకెలు వరసగా నొక్కాలి. మధ్యలో ఒక అంకె తప్పు పడితే మొదటికి రాకుండా అయిదూ పూర్తి చేసి, అప్పుడు సరైనది మళ్ళీ కొట్టండి. రేడియో పలికాక స్టేషన్లు పెట్టడం మీకు తెలుసు. 101.9కి తిప్పి ఒకటో బటన్‌ని శబ్దం వచ్చేదాకా నొక్కి పట్టాలి. అలా ఆరూ.

ఇంకో రెండు విషయాలు. డ్రైవర్ పక్క అద్దం ఒక్క నొక్కుకి పైకి పోయే సౌకర్యం ఆగిపోవచ్చు. పూర్తిగా దించి, పైకి లాగి, అద్దం మూసుకున్నాక కూడా రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుంటే తిరిగి నేర్చుకుంటుంది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ కాస్త ఎత్తుపల్లాలుగా తిరగొచ్చు. ఏసీ, లైట్లు ఆపేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా వేడెక్కేదాకా వదిలేయండి, పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ కాసేపూ నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఆ మూడు బటన్లు ఆయన వేలితోనే నొక్కించండి. మీరు పెట్టిన వరస ఆయన వేలికి సరిపోయిందో లేదో ఆయనే చెప్పగలరు. ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున కాకుండా ఖాళీగా ఉన్న ఆదివారం ఈ పని పెట్టుకోండి.

ప్రశ్న: పాత బ్యాటరీని ఏం చెయ్యాలి? మా ఊళ్ళో పాత ఇనుప సామాన్లాయన కొత్త బ్యాటరీ షాపు కన్నా రెండొందలు ఎక్కువిస్తానంటున్నాడు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: షాపుకే ఇవ్వండి. ఆ రెండొందలు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతాను. కొందరు ఊరి చివర బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్‌ని నేల మీద పారబోసి, సీసం బహిరంగంగా కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది పక్క ఇళ్ళ పిల్లలు. సీసం పిల్లల మెదడుకి చేసే హాని తిరిగి బాగుచెయ్యలేనిది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి, సరిగ్గా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. ఆ బ్యాటరీలు వాళ్ళకి చేరే దారుల్లో షాపు ఒకటి. అందుకే షాపువాళ్ళు కొత్తదాని ధరలో తగ్గించి పాతది తీసుకుంటారు. బిల్లులో ఆ తగ్గింపు విడిగా రాయించుకోండి. అప్పటిదాకా ఇంట్లో ఉంచాల్సి వస్తే నిటారుగా, ప్లాస్టిక్ తొట్టిలో, పిల్లలకి అందని చోట పెట్టండి.

ప్రశ్న: మాది ఇంజిన్ సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి, మళ్ళీ స్టార్ట్ అయ్యే రకం కారు. మామూలు బ్యాటరీ సగం ధరకే వస్తోంది, వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. ఆ కారు రోజుకి పదుల సార్లు సెల్ఫ్ కొడుతుంది, మామూలు బ్యాటరీ అందుకు తయారైంది కాదు, తొందరగా పోతుంది. ఇలాంటి కార్ల కోసం చేసే గట్టి బ్యాటరీలు రెండు రకాలు, పాతదాని మీద ఈఎఫ్‌బీ అని ఉందో, ఏజీఎం అని ఉందో చూసి అదే రకం వేయించండి. నెగటివ్ క్లాంప్ మీద అగ్గిపెట్టంత డబ్బా ఒకటి కనిపిస్తుంది. అది బ్యాటరీ ఆరోగ్యం కొలిచే సెన్సర్. స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని పైకి లేపితే విరుగుతుంది. కొన్ని కార్లకి కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్‌తో చెప్పాలి కూడా. మీ పని సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి.

ప్రశ్న: మొన్న బ్యాటరీ మార్చి క్లాంప్ బిగించగానే కారు డోర్లన్నీ వాటంతట అవే లాక్ అయిపోయాయి. తాళం లోపలే ఉంది. ఇది లోపమా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: లోపం కాదమ్మా. కరెంటు పోయి తిరిగి రాగానే కొన్ని కార్లలో సెంట్రల్ లాకింగ్ ఇలా చేస్తుంది. బ్యాటరీ విప్పే ముందే డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, తాళం మీ చేతిలోనే పెట్టుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లయితే, క్లాంపులు బిగించేదాకా డిక్కీ మూయకండి.